గ్లైకోలిక్ టోనర్: రెండేళ్లు వాడాక

చర్మం పైపొరలోని మృతకణాలను వదిలించే గ్లైకోలిక్ యాసిడ్ ఏడు శాతం ఉన్న టోనర్‌ను రెండేళ్లుగా రాత్రిపూట, వారంలో రెండు మూడుసార్లు వాడుతున్నాను. ముక్కు పక్కన గరుకుదనం పోయింది. మొటిమల మచ్చలు పలచబడ్డాయి గానీ పూర్తిగా పోలేదు.

సీసా చూసినవాళ్లు మాత్రం ఫలితం గురించి అడగరు. వెనక రాసిన సోడియం హైడ్రాక్సైడ్ చూసి, "ఇది కాస్టిక్ సోడా కదే, మొహానికి రాస్తావా?" అంటారు. నిజమే, అదే పదార్థం. గ్లైకోలిక్ యాసిడ్‌ను ఇంత మోతాదులో ఉత్త నీళ్లలో కలిపితే పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ) 2 దగ్గరికి పడిపోతుంది. రోజూ వాడితే చర్మం దాన్ని తట్టుకోలేదు. అందుకే ఆమ్లాన్ని విరిచే క్షారంగా ఈ కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా కలిపి 3.5 పైకి తెస్తారు. పులుసులో బెల్లం వేస్తే పులుపు నాలుకకు తెలియదంతే, ఎక్కడికీ పోదు. ఇక్కడ అలా కాదు, యాసిడ్‌లో కొంత నిజంగానే సోడియం గ్లైకోలేట్ అనే లవణంగా మారుతుంది. వేసిన కాస్టిక్ సోడా ఆ చర్యలోనే ఖర్చయిపోతుంది.

అసలు తిరకాసు శాతాల దగ్గరుంది. చర్మంలోకి బాగా దిగేది లవణం కాదు, మారకుండా మిగిలిన యాసిడ్. పీహెచ్ 3.8 దగ్గర రెండూ సగం సగం ఉంటాయి. 4.8కి వచ్చేసరికి యాసిడ్ పదోవంతే. అంటే డబ్బా మీద పెద్దక్షరాలతో "10 శాతం" అని ఉన్నా పనికొచ్చేది దాదాపు ఒక శాతమే! నా టోనర్ మీద పీహెచ్ 3.6 అని అచ్చువేశారు, దీన్ని వదలకపోవడానికి సగం కారణం అదే. మధ్యలో ఇంకో కంపెనీ సీరం కొన్నాను. పది శాతం అన్నారు, పీహెచ్ ఊసే లేదు, మెయిల్ పెడితే జవాబూ లేదు. మంట పుడుతుంటే పక్కన పడేశాను.

అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలను పరిశీలించే నిపుణుల బృందం ఇంటి వాడకానికి పెట్టిన హద్దు ఇది: యాసిడ్ 10 శాతం మించకూడదు, పీహెచ్ 3.5 కంటే తగ్గకూడదు, ఎండ నుంచి రక్షణ ఉండాలి. ఆ చివరి షరతు మనకు కష్టం. మే నెలలో విజయవాడలో సన్‌స్క్రీన్ చెమటకు నిలవదు, నేనైతే ఆ రోజుల్లో టోనర్ ఆపేస్తాను.

ఘాటు ఎక్కువనిపిస్తే వంటసోడా కలిపి తగ్గించే ప్రయోగాలు వద్దు, ఎంత తగ్గిందో ఇంట్లో తేలదు. త్వరగా ఎర్రబడే చర్మమైతే ఇదే కోవలో కాస్త మృదువైన లాక్టిక్ యాసిడ్‌తో మొదలుపెట్టండి.