పొటోసి టంకశాల: గానుగ తిరిగిన చోటు

బొలీవియాలో సుక్రే నుంచి పొటోసికి బస్సులో మూడు గంటలకు పైనే పట్టింది. ఊరు 4,000 మీటర్ల ఎత్తున ఉంది. బస దాకా నడిచేసరికే ఆయాసం వచ్చింది. గదిలో హీటరు లేదు, వేడినీళ్లు ఏడింటికి గాని రాలేదు. అడగకుండానే మూడు దుప్పట్లు, కోకా ఆకుల టీ తెచ్చిచ్చిన ఇంటావిడను మాత్రం మరిచిపోలేను. ఒక రాత్రికి చాలు; ఎక్కువ రోజులుండేవారికి సుక్రేయే హాయి.

ఇంత దూరం వెళ్లింది స్పెయిన్ పాలనలో 1773లో పూర్తయిన టంకశాల, కాసా డి లా మొనెడా కోసం. ఇప్పుడది మ్యూజియం. గైడు వెంటే తిరగాలి. బయట ఎండ కాస్తున్నా లోపల వణికిస్తుంది, స్వెటరు తప్పనిసరి. ఎనిమిది రియాళ్ల నాణేలున్న గదిలో అందరూ ఆగిపోయారు. ఒక్కొక్కటి దాదాపు 27 గ్రాముల వెండి, చైనా దాకా చెల్లిన డబ్బు. నన్ను కట్టిపడేసినవి మాత్రం స్పెయిన్ నుంచి తెచ్చిన చెక్క యంత్రాలు.

గానుగ చూసినవారికి వాటి సంగతి ఇట్టే తెలుస్తుంది. కింది అంతస్తులో కంచరగాడిదలు గుండ్రంగా తిరిగేవి. నిలువు దూలం పైకప్పు దాటి వచ్చి పై అంతస్తులోని పళ్ల చక్రాలను తిప్పేది. వెండి కడ్డీని రోలర్ల మధ్య మళ్లీ మళ్లీ నడిపి నాణెం మందానికి తెచ్చేవారు. కొలిమి పనిలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలుండేవారు.

అంతకు ముందే, ఆ వెండి తవ్వే ఊరి కొండలో మరో చాకిరీ. 1570లలో స్పెయిన్ రాజప్రతినిధి (వైస్రాయి) టొలేడో స్థిరపరచిన ‘మితా’ కింద ఆండీస్ పల్లెల మగవాళ్లలో ఏడుగురికి ఒకరు వంతులవారీగా రావాలి, ఏటా 13,000 మందికి పైగా. పేరుకు కూలి ఉన్నా, దానికి మన మాట వెట్టే. వెండిని విడదీయడానికి, పొడిచేసిన ఖనిజంలో పాదరసం కలిపి కాళ్లతో తొక్కేవారు.

ఆ కొండ గనుల్లోకి ఇప్పటికీ యాత్రికులను తీసుకెళ్తారు. అక్కడ మనుషులు నేటికీ ప్రాణాలొడ్డి పనిచేస్తున్నారు. వాళ్ల కష్టాన్ని టికెట్టు కొని చూడటానికి మనసొప్పలేదు. ఆ డబ్బుతో మధ్యాహ్నం టంకశాలకే ఇంకో టికెట్టు తీసుకుని, ఆ కింది అంతస్తుకు మళ్లీ వెళ్లాను.