డ్యాన్స్ క్లాసులో నాకు బాగా నచ్చింది పక్క అడుగు

అరవై దాటినవాళ్ల కోసం నడిపే డ్యాన్స్ వ్యాయామం క్లాసుకి కొన్నేళ్లుగా వెళ్తున్నాను. గుండెకి మంచిది, మనసుకి హుషారు, నలుగురితో కాలక్షేపం... ఇవన్నీ మీరు వినే ఉంటారు, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది పక్క అడుగు గురించి. అంతే.

నడకలో, మెట్లెక్కడంలో, ట్రెడ్‌మిల్ మీద, అన్నిట్లోనూ కాలు ముందుకే పోతుంది. పక్కకి ఓ పెద్ద అడుగు వేయాల్సిన పని రోజు మొత్తంలో మనకి దాదాపు పడదు. వెనక్కి వేయడం మరీ తక్కువ. డ్యాన్సులో మాత్రం వార్మప్ పాటకే కుడికి రెండు, ఎడమకి రెండు, వెనక్కి ఒకటి, మళ్లీ మొదటినుంచి. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుం ఓ పక్కకి ఒరిగిపోకుండా పట్టి ఉంచే కండరం ఒకటి తుంటి పక్కన ఉంటుంది. చేరిన కొత్తలో ఇంటికొచ్చాక సలిపింది మోకాళ్లు కాదు, ఆ చోటే. అంతకుముందు రోజూ చేసిన వాకింగ్ దానికి ఇంత పని పెట్టలేదన్నమాట.

దాని ఫలితం చాలాకాలానికి, ఓ ఆసుపత్రిలో లిఫ్టు ముందు తెలిసింది. ఒక చేతిలో రిపోర్టుల కవరు, ఇంకో చేతిలో ఫోను, అమ్మాయితో మాట్లాడుతున్నాను. లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల్నించి ఒక కుర్రాడు, వీపున పెద్ద బ్యాగు, వెనక ఎవరికో ఏదో చెబుతూ విసురుగా తిరిగాడు. బ్యాగు నా ఎడమ భుజానికి తగిలింది. తగలడమేమిటి, తోసేసింది. వయసు మళ్లినవాళ్లని ఇలా పక్కనుంచి తోస్తే, కాలు చాలినంత దూరం పోదు. చిన్న చిన్న అడుగులు తడబడుతూ పడతాయి, లేకపోతే ఒక కాలికి ఇంకో కాలు అడ్డం తగులుతుంది. అలా పక్కకి పడితే నేలకి ముందు తగిలేది తుంటి. పెద్దవాళ్లకి తుంటి ఎముక విరిగేది ఎక్కువగా ఈ రకం పడటంలోనే.

నా కుడికాలు మాత్రం దానంతటదే వెడల్పుగా పక్కకి వెళ్లి ఆనింది. మోకాలు కాస్త వంగింది, ఒంటి బరువంతా దాని మీదికి పోయింది, ఎడమకాలు మెల్లగా వచ్చి పక్కన చేరింది. మా మాస్టారు "కుడికి, కలుపు" అని అరిచే స్టెప్పు, అచ్చు అదే. ఫోను కూడా జారలేదు. పక్కనున్నావిడ "పడిపోయారేమో అనుకున్నానండీ" అంది, ఆ అబ్బాయి "సారీ ఆంటీ" అంటూ వెళ్లిపోయాడు. ఫోన్లో అమ్మాయి "ఏమైందమ్మా?" అంటే ఏం చెప్పాలో తోచక నవ్వాను. అది ఆలోచించి వేసిన అడుగు కాదు. ఆలోచించేంత వ్యవధే లేదు.

ఇక్కడ ఫోను సంగతి కూడా చెప్పుకోవాలి. మాట్లాడాల్సి వస్తే నడక ఆపేసే పెద్దవాళ్లు, ఆపనివాళ్లకంటే ఎక్కువగా పడిపోతున్నారని 1997లో స్వీడన్ పరిశోధకులు గమనించారు. రెండు పనులు ఒకేసారి మీద పడితే బ్యాలన్స్‌కి మిగిలే ధ్యాస తగ్గుతుంది. డ్యాన్సులో చెవి పాట మీద, కన్ను మాస్టారి మీద, బుర్ర తర్వాతి స్టెప్పు మీద ఉండగానే కాళ్లు తమ పని తాము చూసుకోవాలి. ఆ అలవాటే అక్కడ ఆదుకుందని నా నమ్మకం. నమ్మకమే సుమా. బ్యాగు ఇంకాస్త బరువుగా ఉంటేనో, నేల తడిగా ఉంటేనో ఏమయ్యేదో నాకు తెలీదు.

అన్నట్టు, జ్ఞాపకశక్తి సంగతి. చేరిన కొత్తలో కనబడ్డవాళ్లందరికీ "డ్యాన్స్ చేస్తే మతిమరుపు రాదట" అని ఊదరగొట్టేదాన్ని. ఆ మాటకి మూలం 2003లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం. 75 దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, శారీరక వ్యాపకాల్లో డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు, ముప్పు తక్కువగా కనబడింది డ్యాన్సు చేసేవాళ్లలోనే. నిజమే, కానీ అప్పటికే చురుగ్గా ఉన్నవాళ్లే డ్యాన్సుకి వెళ్లి ఉండొచ్చు కదా. 2017లో జర్మనీ నుంచి వచ్చిన చిన్న అధ్యయనంలో కొందరికి 18 నెలలు కొత్త కొత్త స్టెప్పులు నేర్పారు, ఇంకొందరితో మామూలు కసరత్తు చేయించారు. మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోక్యాంపస్ అనే భాగం రెండు జట్లలోనూ పెరిగింది. బ్యాలన్స్ మెరుగుపడింది మాత్రం డ్యాన్సు జట్టులోనే. అందుకే ఇప్పుడు బ్యాలన్స్ గురించి గట్టిగా, మతిమరుపు గురించి గొంతు తగ్గించి చెబుతున్నాను. కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను.

కోపం వచ్చిన విషయమూ ఒకటుంది. చేరేటప్పుడు "మంచి గ్రిప్పున్న రన్నింగ్ బూట్లు వేసుకురండి" అన్నారు. వేసుకెళ్లాను. గుండ్రంగా తిరిగే స్టెప్పు వచ్చినప్పుడు ఒళ్లు తిరుగుతుంది, రబ్బరు అడుగు నేలని పట్టుకుని పాదాన్ని తిరగనివ్వదు. మధ్యలో ఆ మెలికంతా మోకాలి మీదే. కొన్ని వారాలు వాచిపోయింది. అలాగని జారే బూట్లూ పనికిరావు. అడుగు కాస్త నున్నగా, మడమ దగ్గర బిగువుగా ఉన్న జత కొనుక్కున్నాక, ఒక్కసారి గిర్రున తిరగడం మానేసి నాలుగు చిన్న అడుగుల్లో తిరగడం మొదలెట్టాక సర్దుకుంది. ఇది మొదటిరోజే చెప్పాల్సిన విషయం. పాట వేగం కూడా అంతే. బీటుకో అడుగు పడనివాళ్లు రెండు బీట్లకో అడుగు వేసినా తాళం తప్పదు. ఆ కిటుకు నాకు పక్క వరసలో ఉండే ఒకావిడ చెప్పింది.

ఇది చేయలేనిదీ ఉంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం ఈ క్లాసు వల్ల పెద్దగా తేలిక కాలేదు. దానికి విడిగా తొడలకి వ్యాయామం పెట్టుకోవాల్సి వచ్చింది. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బ్యాలన్స్‌కీ బలానికీ కలిపి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. నా క్లాసు అందులో మొదటి సగాన్ని బాగానే చూసుకుంటోంది. బరువా? తగ్గలేదు.

చేరాలా వద్దా అంటే, నా ఒంటి సంగతి చెప్పాక మీరే చూసుకోండి. నాకు బీపీ ఉంది, గుండె వేగాన్ని తగ్గించే రకం మాత్ర వేసుకుంటాను. అందుకని చేతి గడియారంలో గుండె వేగం అంకె చూడను. మాట్లాడగలుగుతూ పాట పాడలేకపోతే ఆ శ్రమ నాకు సరిపోయినట్టు. మోకాళ్లు అరిగినా మరీ అంత కాదు. మా ఆయనకి తల తిప్పితే కళ్లు తిరిగే బాధ ఉంది, ఆయన్ని రమ్మని నేను అడగను. మోకాలి ఆపరేషన్ అయిన ఒకావిడ మాతోపాటే కుర్చీలో కూర్చుని చేస్తుంది, హాయిగానే ఉందంటుంది. కూర్చుని చేస్తే ఊపిరికి పని దొరుకుతుంది గానీ, నేను ఇంతసేపూ పొగిడిన పక్క అడుగు మాత్రం దొరకదు.