ట్రీ గ్రిడ్ కొనేముందు మీ సొంత డేటాతో సార్ట్ చేసి చూడండి

విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చే చిన్న టీమ్ మాది. బిల్లు నొక్కితే కింద మందులు, మందు నొక్కితే దాని కింద బ్యాచ్‌లు తెరుచుకునే స్క్రీన్ కావాలని కస్టమర్లు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఇలా వరస కింద వరసలు తెరుచుకునే పట్టికనే ట్రీ గ్రిడ్ అంటారు. సొంతంగా రాసే తీరిక లేక, ఒక కంపెనీ అమ్మే రెడీమేడ్ గ్రిడ్‌కి ఏడాది లైసెన్స్ కొన్నాం. పేరు చెప్పను. ఇలాంటిది కొనబోతున్నవాళ్లు మాలా నష్టపోకూడదనే ఇది రాస్తున్నాను.

డెమో చూసి నమ్మేశాం. ప్లస్ గుర్తు నొక్కగానే వరస చక్కగా విచ్చుకుంది. అందులో ఉన్నవి పాతిక వరసలే. మా కస్టమర్లకు నెలకే వేల బిల్లులు.

స్క్రీన్ ఇచ్చిన రెండో వారంలో ఒక డిస్ట్రిబ్యూటర్ ఫోన్ చేశారు. ఎక్స్‌పైరీ అయిన బ్యాచ్ రిటర్న్ కోసం ఆయన మూడో వరసలోని బిల్లు తెరిచారట. మధ్యలో తేదీ ప్రకారం సార్ట్ చేశారు. బిల్లులన్నీ చోటు మారాయి, తెరిచి ఉన్నది మాత్రం మూడో వరసే. పైన కొత్త బిల్లు నంబరు, కింద పాత బిల్లు బ్యాచ్‌లు! ఆయన అదే నిజమనుకుని ఎంట్రీ కొట్టారు. రిటర్న్ ఒక షాపుది, క్రెడిట్ నోట్ (ఆ సొమ్ము జమ చేసే పత్రం) ఇంకో షాపుకి వెళ్లింది. ఆ రోజు మేం పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. లెక్క సరిచేయడానికి మా టీమ్‌లోని అబ్బాయి ఒకడు రెండు రోజులు వాళ్ల గోడౌన్‌లోనే కూర్చున్నాడు.

కారణం వెతికితే తేలిందేమిటంటే, ఏ వరస తెరిచి ఉందో, దాని కింద ఏ బ్యాచ్‌లున్నాయో ఆ గ్రిడ్ బిల్లు నంబరుతో కాకుండా వరస స్థానంతో గుర్తుపెట్టుకుంటోంది. పెద్ద జాబితాల్లో చాలా గ్రిడ్‌లు కంటికి కనిపించే వరసలనే గీస్తాయి, కొన్ని స్క్రోల్ చేసేకొద్దీ వాటినే మళ్లీ వాడుకుంటాయి. అందులో తప్పు లేదు. కానీ ప్రతి వరసకూ మనం ఒక ఐడీ ఇచ్చే వీలుండాలి. ఇలాంటివే అయిన ఏజీ గ్రిడ్‌లో, టాన్‌స్టాక్ టేబుల్‌లో ఆ పనికి గెట్‌రోఐడీ (getRowId) అనే సెట్టింగ్ ఉంది. మేం కొన్నదాంట్లో లేదు. కొనేముందు డాక్యుమెంటేషన్‌లో ఆ ఒక్క ముక్క వెతకండి.

సపోర్ట్‌కి రాస్తే "మా డిజైనే అంత" అన్నారు. డబ్బు వాపసు అడిగితే, కోడ్ డౌన్‌లోడ్ చేసుకున్నారు కాబట్టి కుదరదన్నారు. మరో ఇబ్బంది కూడా ఉంది: గ్రిడ్‌లోని డేటా ఎక్సెల్‌కి పంపితే బిల్లులే వస్తున్నాయి, లోపలి బ్యాచ్‌లు రావడం లేదు. అదీ కావాలంటే పై ప్లాన్ కొనాలట. ఏ ఫీచర్ ఏ ప్లాన్‌లో ఉందో ముందే రాతపూర్వకంగా అడగండి. ఏజీ గ్రిడ్‌లో కూడా ఇలా వరస కింద వివరాలు తెరిచే ట్రీ డేటా, మాస్టర్ డీటెయిల్ అనే ఫీచర్లు ఉచిత వెర్షన్‌లో రావు, ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ కావాలి. కాకపోతే వాళ్లు ఆ సంగతి డాక్యుమెంటేషన్‌లోనే చెబుతారు.

ఇంకొకటి, కీబోర్డు. బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునేవాళ్లు మౌస్ ముట్టరు. వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ ఇచ్చిన ట్రీగ్రిడ్ నమూనా ప్రకారం కుడి బాణం కీ నొక్కితే వరస తెరుచుకోవాలి, ఎడమ బాణం నొక్కితే మూసుకోవాలి. మేం కొన్నదాంట్లో రెండూ పనిచేయవు.

ఇప్పుడు టాన్‌స్టాక్ టేబుల్‌తో మొదటి నుంచి రాసుకుంటున్నాం. అది ఉచితమే కానీ రూపురేఖలన్నీ మనమే దిద్దుకోవాలి. అది పూర్తయ్యేదాకా పాత స్క్రీన్‌లో సార్ట్ తీసేశాం.