పైన కూర్చుంటే వికెట్ లేటు, కింద కూర్చుంటే పొగ

నేను మందు ముట్టను. అయినా హన్మకొండలో మా కాలనీ దగ్గరున్న బార్ అండ్ రెస్టారెంట్ గురించి రాయాలంటే నేనే రాయాలని మా బావమరిది అంటాడు. తాగేవాళ్లకు రెండో పెగ్గు దాటాక మందులోకి తినే ఏ స్టఫ్ అయినా బాగానే ఉంటుంది. నాకు మాత్రం చివరి ముక్క దాకా రుచి తెలుస్తూనే ఉంటుంది. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. ఐపీఎల్ వస్తే గేటుకు నారింజ రంగు జెండాలు కట్టే బార్ అంటే ఆ చుట్టుపక్కల వాళ్లకు చాలు.

మ్యాచ్ చూస్తూ తినే తిండి వేరు. కళ్లు టీవీ మీద ఉంటాయి కాబట్టి ముల్లు ఉండొద్దు, బొక్క తగలొద్దు, చల్లారినా తినబుద్ధి కావాలి. ఆ లెక్కన ఇక్కడ మొదటి మార్కు అపోలో ఫిష్‌కే. కొర్రమీనుతోనే చేస్తామంటారు. ముక్క తెల్లగా, గట్టిగా ఉంది కాబట్టి నమ్మాను. కరివేపాకు, పచ్చిమిర్చి దండిగా వేస్తారు, పెరుగు పులుపు కొంచెం తెలుస్తుంది. బోటి ఫ్రై ఇంకా బాగుంటుంది. శుభ్రంగా కడుగుతారు, వాసన రాదు. కానీ ఆదివారం ఎనిమిది దాటితే దొరకదు.

చికెన్ 65 మీద నాకు అనుమానం ఉంది. మా నాన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్లో గుమాస్తాగా పనిచేశాడు. మిర్చి సీజన్లో ఆయన చొక్కా దులిపితే ఇల్లంతా తుమ్ములే. అందుకే ఎరుపు రంగు చూస్తే నాకు ప్రశ్నలు పుడతాయి. ఇంత రంగు ఎక్కడిదని అడిగితే సప్లయర్ తడుముకోకుండా "చపాటా మిర్చి సార్, మన వరంగల్‌దే" అన్నాడు. జవాబు బాగుంది. చపాటాకు రంగు ఎక్కువ, కారం తక్కువ. ఫలానా ప్రాంతపు పంట అని చెప్పే జీఐ గుర్తింపు కూడా 2025లో వచ్చింది. అయితే మిర్చి రంగు నూనెలో దిగుతుంది, నీళ్లలో దిగదు. చేతులు కడుక్కోమని పెట్టిన నిమ్మకాయ నీళ్ల గిన్నెలో వేళ్లు ముంచగానే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఇట్లాంటి కృత్రిమ రంగులను చికెన్ కబాబుల్లో వాడొద్దని కర్ణాటకలో 2024లో నిషేధం పెట్టారు. రుచి బాగానే ఉంది, కానీ మా అమ్మాయికి మళ్లీ తినిపించను.

ఇక అసలు సంగతి టీవీలు. కింద బార్, పైన ఫ్యామిలీ సెక్షన్. రెండు చోట్లా పెద్ద స్క్రీన్లే. కిందది డిష్ మీద నడుస్తుంది, పైది నెట్ మీద. 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్‌తో సన్‌రైజర్స్ మ్యాచ్. పంజాబ్ వాళ్లు 245 కొట్టారు. నేను, మా ఆవిడ, మా అమ్మాయి పైన కూర్చున్నాం, బావమరిది దోస్తులతో కింద. మన ఓపెనర్ అభిషేక్ శర్మ 28 మీద ఉన్నాడు. మా స్క్రీన్ మీద పంజాబ్ బౌలర్ యశ్ ఠాకూర్ ఇంకా పరుగు మొదలుపెట్టలేదు, కింద నుంచి "అబ్బా!" అని ఒక్కసారిగా మూలుగు. మా అమ్మాయి చెంచా కింద పెట్టేసింది. మరుక్షణమే అదే గుంపు ఈలలు, బల్లల మీద చప్పుళ్లు. పైనున్న వాళ్లమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అప్పుడు మాకు బంతి పడింది, క్యాచ్ పట్టారు, పైన ఎవ్వరికీ బాధ కలగలేదు. నోబాల్ అని మాకు ముందే తెలిసిపోయింది కదా!

పక్క టేబుల్ మీది, నిట్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు వివరం చెప్పారు. నెట్‌లో వీడియోను ముక్కలు చేసి పంపుతారట, కొన్ని ముక్కలు చేరాకే టీవీ ఆడిస్తుందట, ఆ తేడాలో ఒక బంతి అయిపోతుందట. ఆ రాత్రి అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టాడు, తొమ్మిది బంతులు మిగిలుండగానే గెలిచాం. పది సిక్సర్లలో ఒక్కటి కూడా మేం ముందు కళ్లతో చూడలేదు, అన్నీ చెవులతో విన్నాం. పైన కూడా ఒక డిష్ కనెక్షన్ పెట్టమని ఓనర్‌కు చెప్పాను. "పెడతాం సార్" అన్నాడు. తర్వాత వెళ్తే స్క్రీన్ పెద్దదైంది, కనెక్షన్ మాత్రం అదే.

మరి కింద కూర్చోవచ్చు కదా అంటారేమో. బావమరిది కూడా అదే అంటాడు: "బావా, పైన ఏముంటది, కిందికి రా, మజా వస్తది." మజా నిజమే. తెలుగు కామెంటరీ పెడతారు, సౌండ్ తగ్గించమనే వాళ్లు ఉండరు. కానీ పొగ. పొగతాగరాదు అన్న బోర్డు కిందనే ఇద్దరు కూర్చుని కాలుస్తుంటారు, సప్లయర్ వాళ్లకు యాష్‌ట్రే తెచ్చి పెడతాడు. ఇంకో చిన్న అవమానం: మందు చెప్పిన టేబుల్‌కు గుడాలు (ఉడికించిన శనగలు), కీర ముక్కలు ఫ్రీగా వస్తాయి. థమ్సప్ చెప్పిన నాకు రావు. అడిగితే ఇచ్చారు, కానీ అడగాలి.

బిల్లులో తిండికి 5 శాతం జీఎస్టీ తప్ప సర్వీస్ చార్జి వేయలేదు, అది మెచ్చుకోవాలి. మామూలు నీళ్లు అడిగితే మాత్రం వినపడనట్టు సీసా మూత తీసేసి ముందు పెడతారు. మూత తీశాక వాపస్ ఎట్లా ఇస్తాం? కూర్చోగానే గట్టిగా చెప్పండి. పదిన్నరకు కిచెన్ బంద్ అవుతుంది, మ్యాచ్ అవ్వదు. అన్నం తినేవాళ్లు రెండో ఇన్నింగ్స్ మొదట్లోనే ఆర్డర్ ఇచ్చేయాలి.

కారుకు జాగా లేదు, బండి మీదే పోవాలి. మ్యాచ్ అయ్యాక రోడ్డు మీద డ్రంకెన్ డ్రైవ్ చెకింగ్ ఉంటుంది. అందుకే బావమరిది నన్ను బతిమిలాడి మరీ తీసుకెళ్తాడు. బిల్లు వాడిది, బండి నాది.