లిఫ్టు కట్టాలా, షటిల్ వాహనాలు నడపాలా? లండన్, పారిస్ ఎంచుకున్న దారులు

ఒలింపిక్స్, పారాలింపిక్స్ ఆతిథ్యానికి బిడ్ వేసే నగరాలు స్టేడియంలో వీల్‌చెయిర్ సీట్లు ముందే లెక్కగడతాయి. అక్కడిదాకా మనిషి ఎలా వస్తాడన్నది చివర్లో గుర్తొస్తుంది. అసలు ఖర్చు ఆ దారిలోనే ఉంది.

లండన్‌కు 2012 నాటికి కొంత కలిసొచ్చింది. అక్కడి మెట్రోలో వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ దాకా జూబ్లీ లైన్ పొడిగింపును 1999లోనే లిఫ్టులతో కట్టేశారు. అదే లైన్‌లోని గ్రీన్ పార్క్ స్టేషన్‌కు 2011లో లిఫ్టులొచ్చాయి. రైలుకూ ప్లాట్‌ఫారానికీ ఎత్తు కలవని కొన్నిచోట్ల సిబ్బంది చేత్తో పరిచే ర్యాంపులు పెట్టారు. చవకే. కానీ ఎక్కించినవాళ్లు దిగే స్టేషన్‌కు కబురు చెప్పాలి. అది అందకపోతే తలుపు తెరుచుకున్నప్పుడు ఎదురుగా ర్యాంపు ఉండదు. ఆటలయ్యాక కూడా ఆ ర్యాంపులు ఉండిపోయాయి, అదీ లాభం.

పారిస్ మెట్రోలో 300కు పైగా స్టేషన్లున్నా, 2024 ఆటల నాటికి పూర్తిగా వీల్‌చెయిర్‌కు పనికొచ్చిన లైన్ 14వది ఒక్కటే. పాత స్టేషన్‌లో లిఫ్టు గుంత తవ్వాలంటే గోడ కోయాలి, పైపులు, కేబుళ్లు జరపాలి. 2017లో ఆతిథ్యం ఖాయమైతే ఏడేళ్లలో అన్నిటికీ అయ్యే పని కాదు. అందుకే బస్సులు, ట్రాములు, టికెట్ ఉన్నవాళ్లకు ప్రత్యేక షటిళ్లు. త్వరగా అవుతుంది, డబ్బు మాత్రం ఆటలతోనే ఆవిరి. పైగా మ్యాచ్ ముగిశాక అందరూ ఒకేసారి బయటికొస్తారు, షటిల్ క్యూ అక్కడే పెరుగుతుంది.

గేటు దగ్గర తాత్కాలిక ర్యాంపుకీ చోటు కావాలి: 60 సెం.మీ. ఎత్తుకు 1:12 వాలులో (ఒక వంతు ఎత్తుకు 12 వంతుల పొడవు) 7.2 మీటర్లు, పైనా కిందా చదును వేరే. పలకల అతుకు కాస్త లేచినా ముందు చిన్న చక్రం అక్కడే తట్టుకుంటుంది.

మా ఓటు దీనికి: వేదికకు వెళ్లే ఒక్క లైనుకూ, దానిలో వేరే లైన్లకు మారే స్టేషన్లకూ లిఫ్టులు, మిగతాచోట్ల షటిళ్లు.