గోదావరి నెమ్ములో పన్నెండేళ్ల యమహా పియానో

2013 ఫిబ్రవరిలో మా ఇంటికొచ్చింది. యమహా యూ1, నిలువు రకం. జపాన్‌లో ఎవరో వాడుకున్నాక చెన్నై చేరిన సెకండ్ హ్యాండ్ సరుకు. ఎత్తు 121 సెంటీమీటర్లు, బరువు రెండు వందల కిలోల పైమాటే. నరసాపురంలో మా వీధి మలుపు దగ్గర వ్యాను తిరగక ఆగిపోతే, ధాన్యం బస్తాలు మోసే జట్టు వాళ్లు ఆరుగురు వచ్చి దించారు. "ఇందులో ఇనుముందేంటండీ?" అని అడిగాడు అందులో ఒకాయన. సరిగ్గానే అడిగాడు. లోపలున్నది పోత ఇనుప చట్రమే.

పియానో మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. టచ్ బాగుంటుంది, మంద్రం గంభీరంగా ఉంటుంది, పిల్లలు ఎంత బాదినా తట్టుకుంటుంది. ఇక్కడ రాసేదంతా నెమ్ము గురించే.

మన వైపు హార్మోనియం తెలియని ఇల్లు తక్కువ. అందుకే చాలామంది "మా తాతగారి పెట్టె నలభై ఏళ్లయినా శ్రుతి పోలేదు, దీనికేం రోగం?" అంటారు. హార్మోనియంలో పలికేది ఇత్తడి రీడు. వానొచ్చినా దాని శ్రుతి పెద్దగా కదలదు. పియానోలో సుమారు 230 తీగలుంటాయి. చాలా మెట్లకు మూడేసి తీగలు, కింది స్థాయిలో రెండు, మరీ అడుగున ఒకటి. అన్నీ కలిసి లాగే బలం 18 నుంచి 20 టన్నులు. ఆ లాగుడు ఇనుప చట్రం మోస్తుంది. శబ్దం పుట్టేది మాత్రం తీగల వెనకున్న పలుచని స్ప్రూస్ చెక్క మీద. సెంటీమీటరు మందం కూడా ఉండదది. ముసురు పట్టగానే చెమ్మ తాగి ఉబ్బుతుంది, తీగలను ముందుకు నెడుతుంది, శ్రుతి పైకి పోతుంది. ఎండాకాలంలో పడమటి గాలి వీస్తే ఆరి కుంగుతుంది, శ్రుతి దిగిపోతుంది. వీణకైతే ఏడు తీగలే కాబట్టి కూర్చున్నప్పుడల్లా సరిచేసుకోవచ్చు. 230 తీగలతో ఆ పని ఎవరి తరం?

ఇది తెలియక మొదటి ఏడాది ఆగస్టులో, జోరువానల్లో ట్యూనర్‌ని పిలిపించాను. అప్పటికి 443 హెర్ట్జ్ దాటి ఉన్న నడిమి 'ఏ' స్వరాన్ని ఆయన అసలు ఉండాల్సిన 440కి దించారు. అద్భుతంగా ఉంది. మే నెలకి చూస్తే 436. మిగతా తీగలు కూడా దానితో సమానంగా దిగితే కొంత నయం. మంద్రం నుంచి మధ్య స్థాయికి మారేచోట ఎక్కువ, పై స్థాయిలో తక్కువ దిగాయి. కింద ఒక పాట, పైన ఒక పాట. నాకేమో టెన్షన్, పాఠానికొచ్చే పిల్లలకేమో నవ్వు.

తర్వాత ఏసీ పెట్టించాను. పాఠాలు చెప్పే రెండు గంటలూ వేసి ఆపేసేవాడిని. ఇంతకంటే తెలివితక్కువ పని నేను చేయలేదు. ఏసీ ఆపి తలుపు తీయగానే చల్లబడ్డ తీగల మీద ఉక్కగాలి తగిలి చెమ్మ చేరేది. రెండేళ్లకు పై స్థాయి తీగల మీద ఎర్రటి చుక్కలు, కింది రాగి చుట్ల తీగల మీద పచ్చని చిలుం. రోజంతా నడపలేకపోతే ఆ గదిలో ఏసీ వేయకండి. సిలికా జెల్ పొట్లాలు కూడా ప్రయత్నించాను. ఇంత పెట్టెకి గుప్పెడు పొట్లాలు ఏ మూలకీ చాలవు. లోపల 40 వాట్ల బల్బు వేలాడదీయమన్నారు పెద్దలు. నెల తిరక్కుండా లోపలి ఫెల్టు (ఉన్ని అదిమి చేసిన మెత్తటి గుడ్డ) కమురు వాసనొచ్చింది, తీసి పారేశాను.

మెట్లు పట్టేయడం ఇంకో బాధ. 2014 ఆషాఢంలో నడిమి సప్తకంలోని 'ఎఫ్' నొక్కితే దిగింది, మళ్లీ లేవలేదు. కీబోర్డులు బాగుచేసే ఒకాయన వచ్చి తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టాడు. వారం బాగానే ఉంది. ఆ తర్వాత నూనె పీల్చిన ఫెల్టు జిగురై, మెట్టు నొక్కితే తీగను కొట్టే సుత్తులుంటాయి కదా, ఆ పక్క సుత్తుల ఇరుసుల్లోకి కూడా పాకి, పదకొండు సుత్తులు నిద్రమత్తులో ఉన్నట్టు వెనక్కి రావడం మొదలుపెట్టాయి. ఆ ఇరుసుల ఫెల్టు మార్చడానికి అయిన ఖర్చులో నాలుగుసార్లు ట్యూనింగ్ చేయించుకోవచ్చు. పియానో లోపల నూనె పడకూడదు, ఏ నూనైనా సరే.

అసలు రోగం కనిపెట్టింది మా ఇంటి తలుపులు చేసే వడ్రంగి బాబాయ్. మెట్టు పైకి తీసి, కింద సూది కూర్చునే కంత చూసి, "చెమ్మకి బిగిసిందండీ మాస్టారూ. వానాకాలం తలుపులూ ఇంతే కదండీ, ఆయ్" అన్నాడు. వెంటనే చిత్రిక పట్టబోయాడు కూడా. ఆపాను. ట్యూనర్ వచ్చినప్పుడు చిన్న పట్టకారుతో ఆ కంతలోని ఫెల్టుని కాస్త అదిమారు. నిమిషం పని. చెక్క చెక్కేసి ఉంటే వేసవిలో ఆ మెట్టు గలగలలాడేది.

నేను పెట్టిన డబ్బులో దేనికీ చింతించకుండా చెప్పగలిగేవి రెండు. ఒకటి, కొన్ని వందల రూపాయల తేమ మీటరు. పియానో మీద పెట్టి చూస్తే అర్థమైంది: ఆగస్టు తెల్లవారుజామున 88 శాతం, మే మధ్యాహ్నం 38. పియానోకి కావలసింది 45 నుంచి 55. రెండోది, 2016లో పెట్టించిన డ్యాంప్‌చేజర్ కడ్డీ. 25 వాట్ల వేడి కడ్డీ, మెట్ల కింద అర లోపల బిగిస్తారు. తేమ పెరిగితే తనే వెలుగుతుంది, తగ్గితే ఆగుతుంది. రోజంతా నడిచినా అర యూనిట్ పైచిలుకే. పెట్టాక కూడా శ్రుతి కదులుతుంది, కానీ 440కి అటూ ఇటూ ఒకటిన్నర లోపే. వేసవిలో గాలి ఆరిపోతే ఈ కడ్డీ ఏమీ చేయలేదు. అప్పుడు గది కిటికీలు మధ్యాహ్నం మూసి ఉంచుతాను, అంతే.

కరెంటు పోతే ఎలా అని మొదట్లో భయపడేవాడిని. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినప్పుడు మాకు రెండు రోజులు కరెంటు లేదు. మూత వేసి, దుప్పటి కప్పి, అటు వెళ్లలేదు. శ్రుతి ఏమంత మారలేదు. చెక్క వారాల మీద స్పందిస్తుంది, గంటల మీద కాదు. 2022 జులై వరదకి మాత్రం, ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక ఎగరేశాక, మళ్లీ ఆ జట్టునే పిలిచి పెట్టెను టేకు దిమ్మల మీదికి ఎక్కించాం. నీళ్లు మా వీధికి రాలేదు. దిమ్మలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఊడవడానికి వీలుగా ఉందని మా ఆవిడ తీయనివ్వడం లేదు.

ఎలుకల గురించి చెప్పకపోతే తప్పు. ఒక ఏడాది సంక్రాంతి ముందు, ఎడమ పెడల్ బరువుగా ఉందని కింది పలక తీశాను. దాన్ని పట్టి ఉంచేది ఒక్క స్ప్రింగు రేకు, పైకి నొక్కితే ఊడొస్తుంది. లోపల పెడల్ కడ్డీ పక్కన టీ గిన్నెంత గూడు. కొబ్బరి పీచు, మెట్ల కింది ఎర్ర ఫెల్టు తురుము, చర్చిలో మేం పాడే పాటల కాగితం ముక్కలు. మధ్యలో కళ్లు తెరవని నాలుగు పిల్లలు. పెడల్ సందులకు అప్పుడే జాలీ కొట్టించాను. పియానో మీద బిస్కెట్ పెట్టిన పిల్లవాడికి ఆ రోజు పాఠం లేదు.

ట్యూనింగ్ ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, ఎప్పుడూ అవే రోజుల్లో. సంక్రాంతి వెళ్లిన రెండో వారంలో పూర్తి ట్యూనింగ్. వినాయక చవితి దాటాక రెండోది. అప్పుడు మొత్తం శ్రుతిని కదపరు, మూడేసి తీగల్లో ఒకదానితో ఒకటి తేడా వచ్చినవి మాత్రం కలుపుతారు. ట్యూనర్ చెన్నై నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తారు. పాలకొల్లులో ఒక ఇల్లు, భీమవరంలో ఒక బడి, మేము కలిసి ఒకే రాకలో మూడూ చేయించుకుంటాం. ప్రయాణం ఖర్చు మూడు వాటాలు.

ట్యూనింగ్ సుత్తి, అంటే తీగలు చుట్టిన మేకులు తిప్పే పానా, నేనూ ఒకటి కొన్నాను. మొదటి నెలలోనే, చెవి మోగే తీగ మీద పెట్టి, చెయ్యి మాత్రం పొరపాటున వేరే తీగ మేకు తిప్పుతూ, పై స్థాయి తీగ ఒకటి తెంపాను. చెవి పక్కనుంచి తుపాకీ పేలినట్టు శబ్దం. ఇప్పుడు మధ్య రెండు సప్తకాల్లో జత తప్పిన తీగలు తప్ప వేరేవి ముట్టుకోను.

ఈ మధ్య ట్యూనర్ సుత్తులు చూసి, తీగలు కొట్టికొట్టి ఫెల్టులో గాడులు పడ్డాయి, సాన పట్టాలి అన్నారు. ఒక రోజంతా పడుతుందట. వచ్చే జనవరికి ఒప్పుకున్నారు. ఆయన టికెట్టు నేనే తీయాలి, పండగ రోజులకి ఇప్పటికే వెయిటింగ్ లిస్ట్ చూపిస్తోంది.