లూగోకు వెళ్లండి, బస మాత్రం చూసుకుని దిగండి

యుద్ధవిమానాలపై బొమ్మలు వేసే అలవాటు మూలాలు చూడాలనుకునేవారు ఇటలీలోని లూగో పట్టణానికి తప్పక వెళ్లాలి గాని, బొలోన్యా రైల్వే స్టేషను దగ్గర మేము దిగినటువంటి బసలో మాత్రం దిగకూడదు. గదికి 94 యూరోలు ముందే కట్టించుకున్నవారు, రాత్రి ఎనిమిది దాటాక వచ్చామన్న సాకుతో మరో 30 యూరోలు నగదుగా ఇమ్మని పట్టుబట్టారు. రసీదు అడిగితే, చేతికిచ్చిన తాళంచెవిని వెనక్కి తీసుకున్నారు. నగర పర్యాటక పన్ను దీనికి అదనం. లిఫ్టు లేని మూడో అంతస్తుకు పెట్టెలు మోసుకెళ్లాక, మా ఆవిడ వంతు వచ్చేసరికి వేడినీళ్లు అయిపోయాయి. ఫెరారీ కార్ల పిచ్చితో, అవి తయారయ్యే మరనెల్లో పట్టణానికే వెళ్దామని మొదటినుంచీ పోరుతున్న మా బావగారు ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాటి రైలు ప్రయాణం హాయిగా సాగింది.

ఇటలీ యుద్ధవిమాన వీరుడు ఫ్రాంచెస్కో బరాక్కా పుట్టిన ఇల్లే లూగోలో ఇప్పుడు మ్యూజియం. 1888లో పుట్టి, అశ్వికదళ అధికారిగా పనిచేసి, తర్వాత విమానం నడపడం నేర్చిన ఆయన, మొదటి ప్రపంచయుద్ధంలో గాలిలో జరిగిన పోరాటాల్లో 34 విజయాలు సాధించి, 1918 జూన్ 19న మోంతెల్లో కొండ దగ్గర మరణించాడు. తన పాత అశ్వికదళాన్ని తలపించే గుర్రాన్నే విమానంపై సొంత గుర్తుగా వేయించుకున్నాడు. 1913లోనే ఒక ఇటాలియన్ నీటివిమానం ముక్కుపై సముద్రభూతాన్ని చిత్రించారంటారు కాబట్టి, ముక్కున కాక పక్కభాగాన ఉన్న ఈ గుర్రాన్ని తొలి బొమ్మ అనలేం. అయినా సైనిక చిహ్నం ఒక మనిషి సొంత గుర్తుగా మారిన వైనం ఇంత స్పష్టంగా కనిపించే చోటు మరొకటి నేను చూడలేదు.

అక్కడి స్పాడ్-7 యుద్ధకాలపు అసలు విమానం. గుడ్డ కప్పిన దాని ఒంటిని చూస్తే, తుపాకుల ఎదుటికి ఇందులో ఎలా వెళ్లారా అనిపిస్తుంది. అప్పటిదాకా ముభావంగా ఉన్న బావగారు గుర్రాన్ని చూడగానే దగ్గరకు వెళ్లి, దీని తోక కిందికి ఉంది, ఫెరారీ గుర్రానిది పైకి ఉంటుందని మాకే పాఠం చెప్పడం మొదలుపెట్టారు. 1923లో బరాక్కా తల్లి ఆ గుర్తును కార్లపై వేసుకోమని సూచించిందని ఆ కార్ల సంస్థ స్థాపకుడు ఎంజో ఫెరారీ స్వయంగా చెప్పుకున్నాడు. ఫెరారీ గుర్తులో గుర్రం వెనుక ఉండే పసుపురంగు మాత్రం ఆయన సొంతూరు మోదెనాది.

మధ్యాహ్నం స్క్వాక్వెరోనే అనే మెత్తని జున్ను పెట్టిన పియదీనా రొట్టె ఒక్కొక్కటి 6.50 యూరోలకే దొరికింది. ఆ రొట్టె పిండిలో పందికొవ్వు కలపడం అక్కడ మామూలే కాబట్టి, శాకాహారులు మాత్రం అది లేదని అడిగి తెలుసుకున్నాకే తినాలి. బావగారు రెండు తిన్నారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు రెండో ప్రపంచయుద్ధపు బొమ్మలకైతే ఇంత దూరం రానక్కర్లేదు. ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని వైమానికదళ జాతీయ మ్యూజియంలో ముక్కుపై అమ్మాయి బొమ్మ ఉన్న మెంఫిస్ బెల్ బాంబరు విమానం 2018 నుంచి ప్రదర్శనలో ఉంది, ప్రవేశం ఉచితం.